పక్కవారి పొగ: పాఠకుల సందేహాలు, వైద్యుని సమాధానాలు

పొగ మానడం గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పొగ తాగేవారివి కావు. వారితో ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉండి ఆ పొగ పీల్చక తప్పనివారివి. వాటిలో కొన్నింటిని ఎంచుకుని, వివరాలు తొలగించి, ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట కలిపి ఒక ప్రశ్నగా ఉంచాను.

ప్రశ్న: నాకిప్పుడు అయిదో నెల. మావారు రోజుకు ఏడెనిమిది సిగరెట్లు కాలుస్తారు. నా ఎదుట ఎన్నడూ కాల్చరు. పక్క గదిలో కిటికీ దగ్గర నిలబడి, పొగను బయటికి వదులుతారు, ఆ తరువాత కాసేపు ఫ్యాను వేస్తారు. నాకు వాసన కూడా అంతగా తెలియదు. బిడ్డకు ఏమీ కాదని ధైర్యంగా ఉండవచ్చా?

జవాబు: మీవారు జాగ్రత్త తీసుకుంటున్నారన్న మాట నిజమే. అయితే ఆ జాగ్రత్త పొగలో చిన్న వాటాకే వర్తిస్తోంది. ఒక సిగరెట్టు కాలేటప్పుడు గదిలోకి పొగ రెండు దారుల్లో వస్తుంది. మనిషి పీల్చి వదిలేది ఒకటి. రెండు దమ్ముల మధ్య, చేతి వేళ్ల నడుమ ఉన్న సిగరెట్టు కొస నుంచి తనంతట తాను లేచేది రెండవది. గదిలో చేరే పొగలో దాదాపు 85 శాతం ఈ రెండవ రకానిదే. మీవారు నోటి పొగను కిటికీ బయటికి వదలగలరు గానీ, కొస నుంచి లేచే పొగ ఆయన మాట వినదు. బయటి గాలి లోపలికి వీస్తున్నప్పుడైతే కిటికీలోంచి వదిలిన పొగ కూడా తిరిగి ఇంట్లోకే వస్తుంది. తలుపు వేసినా దాని కింది సందు నుంచి, నడవా నుంచి పక్క గదులకు పాకుతుంది. ఫ్యాను దానిని బయటికి పంపదు, ఇల్లంతా సమంగా పంచుతుంది.

వాసన తెలియకపోవడాన్ని భరోసాగా తీసుకోకండి. రోజూ అదే గాలి పీల్చే ముక్కు కొన్నాళ్లకు ఆ వాసనను పట్టించుకోవడం మానేస్తుంది. పైగా పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే లేదు. ఈ వాయువు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే తల్లి రక్తం మాయ ద్వారా బిడ్డకు అందించవలసిన ఆక్సిజన్‌లో ఆ మేరకు కోత పడుతుంది. నికోటిన్ కూడా మాయను దాటి బిడ్డ రక్తంలోకి చేరుతుంది.

ఇంతవరకు చదివి మీరు కంగారు పడతారేమోనని ఈ మాట కూడా చెప్పాలి. తాను పొగ తాగకపోయినా పక్కవారి పొగ పీల్చిన తల్లులకు పుట్టే పిల్లల బరువు, సగటున చూస్తే, కొన్ని పదుల గ్రాములు తక్కువగా ఉంటుంది. నిండు నెలలతో ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు అది ఘోర ప్రమాదం కాదు. నెలలు నిండకముందే పుట్టే బిడ్డకు, ఇతర కారణాల వల్ల ఇప్పటికే బరువు తక్కువగా ఉన్న బిడ్డకు మాత్రం ఆ కొద్ది గ్రాములు కూడా లెక్కలోకి వస్తాయి. జరిగిపోయిన నెలల గురించి మథనపడవలసిన పని లేదు. ఈ రోజు నుంచి ఇంట్లో పొగ లేకపోతే, మిగిలిన నెలల ప్రయోజనం పూర్తిగా బిడ్డదే.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది కాన్పు తరువాతి కాలం. ఏ జబ్బూ లేని పసికందు నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ఘటనలకు, ఆ ఇంటి పొగకు సంబంధం ఉందని నిర్ధారణగా తేలింది. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు పొగ తాగడం, పుట్టిన తరువాత బిడ్డ పొగ పీల్చడం, రెండూ ఈ ముప్పును పెంచుతాయి. కాబట్టి మీవారికి నా సలహా: కిటికీ దగ్గర కాదు, బాల్కనీలో కాదు, భవనం దాటి, తలుపులకూ కిటికీలకూ దూరంగా వెళ్లి కాల్చాలి. ఆరుబయట పొగ త్వరగా పలచబడుతుంది. అయినా గాలి కదలని చోట అర మీటరు దూరంలో కూర్చున్నవారికి అది గదిలో ఉన్నంతగానూ అందవచ్చు గనుక, ఆ సమయంలో మీరు ఆయన పక్కన నిలబడవద్దు. కాన్పుకు ఇంకా దాదాపు నాలుగు నెలలు ఉంది. పూర్తిగా మానే ప్రయత్నం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి గడువు ఆయనకు దొరకదు.

ప్రశ్న: తాగేవాడికంటే పక్కన ఉన్నవాడికే ఎక్కువ ప్రమాదమని అందరూ అంటారు. నిజమేనా?

జవాబు: ఆ మాటలో సగమే నిజం. యాష్‌ట్రేలో పెట్టి మరచిపోయిన సిగరెట్టును ఒకసారి గమనించండి. కొస నుంచి లేచే సన్నని పొగ నీలంగా ఉంటుంది. అదే సిగరెట్టు పీల్చినవారి నోటి నుంచి వచ్చే పొగ తెల్లగా, బూడిద రంగులో ఉంటుంది. నోటి పొగలోని కణాలు ఊపిరితిత్తుల తేమను పట్టుకుని పెద్దవవుతాయి; కొస పొగలోని కణాలు అతి సూక్ష్మంగానే మిగులుతాయి. పైగా దమ్ము లాగనప్పుడు నిప్పు వేడి తగ్గి పొగాకు అరకొరగా మండుతుంది, దాని పొగ ఫిల్టరు గుండా కూడా పోదు. అందువల్ల గ్రాముకు గ్రాము తూస్తే కొస పొగలో చాలా విషపదార్థాలు ఎక్కువ పాళ్లలో ఉంటాయి. ప్రచారంలో ఉన్న మాటకు ఆధారం ఇదే.

కానీ పక్కన ఉన్నవారు ఆ పొగను గది గాలిలో కలిసి పలచబడిన తరువాత పీలుస్తారు. తాగేవారు నేరుగా గాఢంగా లాగడమే కాక, ఈ గది పొగను కూడా పీలుస్తారు. కనుక మొత్తం మీద ఎక్కువ నష్టపోయేది తాగేవారే. పక్కవారి నష్టం తక్కువే అయినా, అది వారు కోరి తెచ్చుకున్నది కాదు. ఈ వాదనను బలపరచడానికి అతిశయోక్తి అవసరం లేదని నా అభిప్రాయం. పైగా వినేవారు ఒక అతిశయోక్తిని పట్టుకుంటే మిగతా నిజాలను కూడా కొట్టిపారేస్తారు.

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. ఏడాదిగా నెలకోసారైనా జలుబు, దగ్గు, పిల్లికూతలతో ఆయాసం వస్తోంది. రెండుసార్లు చెవిపోటు వచ్చి చీము కారింది. మందులు వాడినప్పుడు తగ్గి మళ్లీ మొదలవుతోంది. మా మామగారు హాల్లో తన కుర్చీలో కూర్చుని సిగరెట్లు కాలుస్తారు. బాబంటే ఆయనకు ప్రాణం, ఎప్పుడూ ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. ఈ పొగ వల్లే బాబుకు ఇలా అవుతోందని నా అనుమానం. ఇంటికి పెద్దవారు, ఆయనకు నేను ఎలా చెప్పగలను?

జవాబు: మీ అనుమానంలో చాలా బలం ఉంది. బాబు జబ్బుకు పొగ ఒక్కటే కారణమని చూడకుండా చెప్పలేను. ఉబ్బసం వంశంలో ఉండవచ్చు, అలర్జీ ఉండవచ్చు. పిల్లల వైద్యులు పరీక్షించి తేల్చవలసిన విషయమది. కారణం ఏదైనా, ఆ పొగ ఉన్నంతకాలం మందులు పూర్తిగా పనిచేయవు.

ఎందుకంటే, పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తే, రెండేళ్ల బిడ్డ 25, 30 సార్లు తీస్తుంది. తన బరువుతో పోల్చి చూస్తే ఒకే గదిలో పెద్దవారికంటే ఎక్కువ పొగను లోపలికి తీసుకుంటుంది. ఆ బిడ్డ శ్వాసనాళాలు సన్నవి. లోపలి పొర కొద్దిగా వాచినా, కాస్త కఫం పేరుకున్నా గాలి దారి బాగా ఇరుకైపోతుంది. మీరు వింటున్న పిల్లికూతలు ఆ ఇరుకు దారిలో గాలి చేసే చప్పుడే. నాళాల లోపలి గోడల మీద కఫాన్ని పైకి నెట్టే సూక్ష్మమైన వెంట్రుకలు ఉంటాయి. పొగ వాటి కదలికను మందగింపజేస్తుంది. అందువల్ల క్రిములు త్వరగా బయటికి పోవు, ఒక జలుబు తగ్గేలోగా మరొకటి అంటుకుంటుంది.

చెవి సంగతీ ఇలాంటిదే. గొంతు వెనుక నుంచి నడి చెవికి వెళ్లే సన్నని గొట్టం ఒకటుంది. పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. పొగ వల్ల దాని పొర ఉబ్బి మూసుకుపోతే నడి చెవిలో నీరు నిలుస్తుంది. అందులో క్రిములు చేరితే చీము పడుతుంది, కర్ణభేరి చిట్లి కారుతుంది. ఇది పదేపదే జరిగితే వినికిడి మందగించి మాటలు రావడం కూడా ఆలస్యం కావచ్చు. కాబట్టి బాబు చెవిని ఒకసారి చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించడం అవసరం.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. 2004 నాటి వివరాల ఆధారంగా 192 దేశాలకు వేసి 2011లో ప్రచురించిన అంచనా ప్రకారం ప్రపంచంలోని పిల్లల్లో 40 శాతం మంది పక్కవారి పొగ పీలుస్తున్నారు. ఆ ఒక్క ఏడాదిలో ఈ పొగ వల్ల సుమారు 6 లక్షల మంది చనిపోయారని, వారిలో దాదాపు 1,65,000 మంది పిల్లలని ఆ అంచనా తేల్చింది. పిల్లల మరణాలలో అధిక భాగానికి కారణం న్యుమోనియా వంటి శ్వాసకోశ జబ్బులు.

ఇక మామగారికి చెప్పడం గురించి. మీరు ఒంటరిగా చెప్పవద్దు, ఆయన సిగరెట్టు వెలిగించిన క్షణంలో అసలే చెప్పవద్దు. ముందు మీవారితో మాట్లాడండి. తండ్రికి కొడుకు చెప్పడం, కోడలు చెప్పడం ఒకలా వినిపించవు. వీలైతే ఈసారి బాబును వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లేటప్పుడు మామగారిని వెంట రమ్మనండి. బాబుకు ఆయాసం వచ్చినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం ఆయన స్వయంగా చూసి, ఆ ఇంట్లో పొగ ఉండకూడదని వైద్యుని నోట వింటే, మీరు నెల రోజులు చెప్పినా కలగని ఫలితం కలుగుతుంది. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో పెద్దవారు మొండితనం వల్ల మాననిది తక్కువ. హాల్లో తాను వదిలిన పొగ లోపలి గదిలో నిద్రపోతున్న బిడ్డను చేరుతుందని వారికి నిజంగా తెలియకపోవడమే ఎక్కువ.

ఆయన్ను అడగవలసిన కోరిక కూడా చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. "మీరు సిగరెట్లు మానేయండి" అంటే అది ఆయన జీవితం మీద తీర్పులా వినిపిస్తుంది. "నాన్నగారూ, బాబు కోసం ఇంటి లోపల మాత్రం వద్దు" అంటే కాదనడం కష్టం. ఆ మాట అన్న రోజే హాల్లోని యాష్‌ట్రే తీసేసి, బయట నీడపట్టున ఆయనకు ఒక కుర్చీ, పక్కన ఆ యాష్‌ట్రే ఏర్పాటు చేయండి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి కూర్చునే చోటు లేకపోతే ఆ మాట నాలుగు రోజులు కూడా నిలవదు. కాల్చి వచ్చాక చేతులు, ముఖం కడుక్కుని, పై చొక్కా మార్చుకుని బాబును ఎత్తుకుంటే మరీ మంచిది. ఈ నియమం వర్షం వచ్చినా, బంధువులు వచ్చినా మారకూడదు. బాబు ఊరెళ్లిన రోజున కూడా హాల్లో కాల్చకూడదు, ఎందుకంటే పొగ మిగులు పరదాల్లోనూ పరుపుల్లోనూ బాబు తిరిగి వచ్చేదాకా ఉంటుంది.

ప్రశ్న: నా వయసు 58. జీవితంలో ఒక్క సిగరెట్టు ముట్టలేదు. ఆరు నెలల క్రితం గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. మా కార్యాలయంలో ఇద్దరు సహోద్యోగులు మధ్యాహ్నం గది తలుపు వేసుకుని కాలుస్తారు. పని మీద నేను కూడా అరగంట అక్కడే ఉండవలసి వస్తుంది. రోజుకు అరగంటే కదా అని ఊరుకుంటున్నాను. సరేనా?

జవాబు: ఊరుకోవద్దు. ఊపిరితిత్తుల విషయంలో పీల్చిన మోతాదు, పీల్చిన ఏళ్లు ముఖ్యం. గుండె విషయంలో లెక్క వేరు. తాగేవారితో పోలిస్తే పక్కవారు పీల్చే పొగ ఎన్నో రెట్లు తక్కువ. అయినా పక్కవారి పొగకు రోజూ గురయ్యేవారికి గుండె రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. అంత కొద్ది పొగకు అంత ప్రభావం ఎలా అంటే, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అనే కణాలు, రక్తనాళాల లోపలి పొర అతి స్వల్ప మోతాదుకే స్పందిస్తాయి. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే గుణం పెరుగుతుంది, నాళాలు అవసరానికి తగినట్టు విప్పారలేవు. 2001లో జపాన్ పరిశోధకులు పొగ అలవాటు లేని ఆరోగ్యవంతులైన యువకులను సరిగ్గా 30 నిమిషాలు పొగ ఉన్న గదిలో కూర్చోబెట్టి చూస్తే, అవసరమైనప్పుడు రక్తప్రవాహాన్ని పెంచుకునే శక్తి వారి గుండె ధమనులలో తగ్గినట్టు తేలింది. మీరు రాసిన అరగంట అదే. వారు యువకులు, మీ ధమనిలో స్టెంటు ఉంది.

దీనికి మరో వైపు కూడా ఉంది: పొగ ఆగితే గుండెకు మేలు కూడా త్వరగానే కనబడుతుంది. స్కాట్లండ్‌లో 2006 మార్చి 26 నుంచి మూసి ఉన్న బహిరంగ ప్రదేశాల్లో, పనిచేసే చోట్ల పొగ నిషేధించారు. ఆ తరువాత తొమ్మిది ఆసుపత్రుల్లో గుండెపోటు వంటి తీవ్ర సమస్యలతో చేరినవారి సంఖ్య 17 శాతం తగ్గింది. అప్పటికి ఇంకా ఆ చట్టం రాని ఇంగ్లండ్‌లో అదే కాలంలో తగ్గుదల 4 శాతమే. స్కాట్లండ్‌లో ఎన్నడూ పొగ తాగనివారిలో ఈ తగ్గుదల ఇంకా ఎక్కువ, 21 శాతం. అంటే ఆ మేలు మీలాంటివారికీ బాగా అందింది.

కార్యాలయంలో మీరు వ్యక్తులతో తగవు పెట్టుకోనవసరం లేదు. మీ గుండె వైద్యుని దగ్గర ఒక లేఖ తీసుకుని, గది మార్చమని గానీ గదిలో పొగ ఆపించమని గానీ యాజమాన్యానికి రాతపూర్వకంగా అడగండి. పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2005లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలోని 8వ అధికరణం, పనిచేసే చోట పొగ నుంచి రక్షణ కల్పించడం ప్రభుత్వాల బాధ్యత అని చెబుతోంది. దాని ఆధారంగా చాలా దేశాల్లో చట్టాలున్నాయి. కాబట్టి మీరు అడుగుతున్నది దయాదాక్షిణ్యం కాదు. ఈలోగా ఆ అరగంట పనిని ఫోనులో గానీ, మరో గదిలో గానీ ముగించుకోండి.

ప్రశ్న: ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే ఇంట్లో కాల్చినా ఇబ్బంది ఉండదా? ఏసీ గదిలో పొగ త్వరగా పోతుందని కూడా విన్నాను.

జవాబు: ప్యూరిఫయర్‌లోని మంచి ఫిల్టరు పొగలోని కణాలను కొంతవరకు పట్టుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులు దానిలోంచి వచ్చినంత తేలికగా వెళ్లిపోతాయి. బొగ్గు ఫిల్టరు ఉంటే కొన్ని ఆవిర్లు తగ్గవచ్చు, అంతే. సిగరెట్టు వెలుగుతున్నంతసేపూ పుట్టే పొగ ముందు దాని వేగం చాలదు. ఇళ్లలో బిగించే ఏసీలలో చాలావరకు గదిలోని గాలినే చల్లబరచి మళ్లీ గదిలోకే వదులుతాయి. పైగా ఏసీ కోసం తలుపులూ కిటికీలూ మూస్తాం కనుక పరిస్థితి ఇంకా చెడుతుంది. సువాసన స్ప్రేలు వాసనను కప్పుతాయి, పొగను కాదు. గాలి మార్పిడి యంత్రాల నిపుణుల సంస్థ ఆష్రే 2005లోనే ఈ విషయంలో తన అభిప్రాయం ప్రకటించింది: భవనం లోపల పొగ తాగడాన్ని ఆపడం ఒక్కటే ఆరోగ్య ప్రమాదాన్ని తొలగించే మార్గం. యంత్రాలు తయారుచేసే, బిగించే రంగానికి చెందినవారే ఇలా చెప్పారంటే ఆలోచించవలసిందే.

ప్రశ్న: మా నాన్నగారు ముప్పై ఏళ్లు ఇంట్లో సిగరెట్లు కాల్చారు. నాకిప్పుడు 42. నేను పొగ తాగను. నాకు ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం పట్టుకుంది. సీటీ స్కాన్ చేయించుకోవాలా?

జవాబు: ఏ లక్షణమూ లేకపోతే అవసరం లేదు. మీ భయానికి శాస్త్రీయమైన మూలం లేకపోలేదు. 1981లో జపాన్‌కు చెందిన తకేషి హిరయామా, పొగ అలవాటు లేని 91,540 మంది భార్యల వివరాలను 14 ఏళ్లపాటు గమనించి, భర్త ఎన్ని ఎక్కువ సిగరెట్లు కాలిస్తే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత ఎక్కువని చూపించారు. పొగాకు పరిశ్రమ ఆ అధ్యయనాన్ని తీవ్రంగా ప్రతిఘటించింది, కానీ తరువాతి పరిశోధనలు దానినే బలపరిచాయి. 1986లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ఉన్నతాధికారి అయిన సర్జన్ జనరల్, 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తమ నివేదికల్లో పక్కవారి పొగ క్యాన్సర్ కారకమని స్పష్టం చేశారు. పొగలో 7,000కు పైగా రసాయనాలుంటే వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కలిగించగలవు.

అయితే ముప్పు ఎంత పెరుగుతుందన్నది కూడా చూడాలి. ఒకే ఇంట్లో పొగ తాగేవారితో జీవించేవారికి ఈ క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుంది. పొగ తాగనివారిలో ఈ క్యాన్సర్ అసలే తక్కువ; ఆ తక్కువలో నాలుగో వంతు పెరుగుదల అన్నమాట. స్వయంగా తాగేవారికైతే ముప్పు 15 నుంచి 30 రెట్లు. శాతాలకూ రెట్లకూ ఉన్న తేడా మరచిపోతే నిద్ర పట్టదు.

ముందుజాగ్రత్తగా తక్కువ రేడియేషన్‌తో చేసే సీటీ పరీక్షను సాధారణంగా సూచించేది, 50 ఏళ్లు దాటి ఎన్నో ఏళ్లు తాము స్వయంగా ఎక్కువగా కాల్చినవారికి. మీలాంటివారికి చేస్తే, ఏ హానీ లేని చిన్న గడ్డ ఒకటి కనబడి, దాని వెంట మరిన్ని స్కాన్లు, అవసరం లేని బయాప్సీ, నెలల తరబడి దిగులు మిగలవచ్చు. మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు, కఫంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్తగా వచ్చిన ఆయాసం, వీటిలో ఏది ఉన్నా మాత్రం ఆలస్యం చేయవద్దు. నిజానికి ఇప్పుడు పరీక్ష గురించి ఆలోచించవలసింది మీ నాన్నగారి విషయంలో. ఆయన వయసు, కాల్చిన ఏళ్లు చెప్పి వైద్యుని అడగండి.

ప్రశ్న: మేము అద్దెకు దిగబోతున్న ఇంట్లో ఇంతకుముందు ఉన్నవారు బాగా పొగ తాగేవారట. గోడలకు ఇప్పటికీ వాసన ఉంది. పాకే పాప ఉంది. దిగవచ్చా?

జవాబు: గోడకు వేలాడదీసిన పటాన్ని తీసి చూడండి. పటం ఉన్నచోట గోడ అసలు రంగులో, చుట్టూ పసుపు పట్టి కనిపిస్తే, అది ఏళ్ల తరబడి పేరుకున్న పొగ జిగురు. పొగ తాగేవారు ఖాళీ చేసి, రెండు నెలలు ఖాళీగా ఉండి, శుభ్రం చేసిన ఇళ్లలో కూడా నికోటిన్ మిగిలి ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. గోడల మీది నికోటిన్ గాలిలోని నైట్రస్ ఆమ్లంతో కలిసి క్యాన్సర్ కారక పదార్థాలుగా మారగలదని 2010లో ప్రయోగశాలలో తేలింది. నేల మీద పాకి, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు ఇది ఎక్కువగా చేరుతుంది.

దీనిని ఎదురుగా కాలుతున్న సిగరెట్టు పొగతో సమానంగా భయపడనక్కరలేదు. మరో మంచి ఇల్లు దొరికితే మారండి, దొరకకపోతే శుభ్రం చేయించి దిగండి. ముందు గోడలు, పైకప్పు, తలుపులు సబ్బు నీళ్లతో కడిగించాలి. కడగకుండా పైన సున్నమో రంగో వేస్తే పసుపు మళ్లీ పైకి ఊరుతుంది. పాత తివాచీలు, పరదాలు, పరుపులు ఇంటి యజమానివైతే తీసేయమనండి. ఏసీ ఫిల్టర్లు మార్పించండి. దిగిన తరువాత కొన్ని వారాలు పగటిపూట కిటికీలు తెరిచి ఉంచండి.

ప్రశ్న: మా అబ్బాయి ఈ-సిగరెట్టు వాడుతూ అది ఉత్త నీటి ఆవిరి అంటాడు. చెల్లెలు ఉన్న గదిలోనే వాడతాడు.

జవాబు: అది నీటి ఆవిరి కాదు. అందులో నికోటిన్, అతి సూక్ష్మ కణాలు, ఫార్మాల్డిహైడ్ వంటివి ఉంటాయి. మండే సిగరెట్టు పొగ కంటే వీటి పాళ్లు తక్కువ కావచ్చు. అంతమాత్రాన చెల్లెలు పీల్చడానికి తగినదైపోదు. హుక్కా విషయంలోనూ ఇదే అపోహ ఉంది: నీటి గుండా వచ్చిన పొగ వడకట్టబడదు, పైగా దాని మీద రగిలే బొగ్గు గదిని కార్బన్ మోనాక్సైడ్‌తో నింపుతుంది. అబ్బాయిని అరవకుండా, నికోటిన్ అలవాటు ఎంత ముదిరిందో తెలుసుకోండి. నిద్ర లేచిన అరగంటలోపే దాని కోసం వెతుకుతున్నాడంటే వైద్య సహాయం అవసరం.

ప్రశ్న: పొగ తాగేది నేనే. ఇరవై ఏళ్ల అలవాటు, మూడుసార్లు మాని మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పట్లో మానగలనన్న నమ్మకం లేదు. కనీసం భార్యాపిల్లలకు హాని లేకుండా ఏం చేయాలి? కారులో అద్దం దించి కాలిస్తే పరవాలేదా?

జవాబు: కారు సంగతి ముందు. పరవాలేదు అనలేను. కారు లోపలి చోటు చాలా చిన్నది. ఒక్క సిగరెట్టుకే అందులో సూక్ష్మ కణాల సాంద్రత విపరీతంగా పెరుగుతుంది. అద్దం దించితే కొంత తగ్గుతుంది గానీ, వేగానికి గాలి తిరగబడి పొగను వెనుక సీటు వైపు తోస్తుంది, పిల్లలు కూర్చునేది అక్కడే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 18 ఏళ్లలోపు వారు ఉన్న కారులో పొగ తాగడాన్ని 2015 అక్టోబరు 1 నుంచి నేరంగా పరిగణిస్తున్నారు. మీరు ఒంటరిగా వెళ్తున్నప్పుడు కూడా కారులో కాల్చవద్దు. సీట్లలో మిగిలేది తరువాత ఎక్కేవారికే. దూర ప్రయాణమైతే ఆపి, దిగి, దూరంగా నిలబడి కాల్చి రండి.

ఇంటి విషయంలో, పై ఉత్తరాలకు చెప్పినదే మీకూ: తలుపు దాటిన తరువాతే అగ్గిపుల్ల. రోజుకు పది నుంచి అయిదుకు తగ్గించి ఆ అయిదూ ఇంట్లో కాల్చడం కంటే, పదీ బయట కాల్చడమే మీ పిల్లలకు మేలు. మీ మేలుకు మాత్రం రెండూ చాలవు. పొగకు గురైనవారి రక్తంలో, మూత్రంలో కొటినిన్ అనే పదార్థం కనిపిస్తుంది; శరీరంలో చేరిన నికోటిన్ మారి అది ఏర్పడుతుంది. అది శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు 16 నుంచి 20 గంటలు పడుతుంది. ఇంట్లో పొగ పూర్తిగా ఆగితే, వేరెక్కడా పొగ తగలని పక్షంలో, వారం తిరిగేలోగా మీ పిల్లల శరీరంలో అది దాదాపు లేకుండా పోతుంది.

ఇంటి నియమం పెట్టుకున్నవారిలో చాలామందికి మరో లాభం కూడా కలుగుతుంది. రాత్రి పదకొండింటికి చలిలో బయటికి వెళ్లడం బద్ధకమై ఒక సిగరెట్టు తగ్గుతుంది, కాఫీతో పాటు వెలిగించే అలవాటు తెగుతుంది. మూడుసార్లు మానగలిగారని రాశారు; దానిని మూడు ఓటములుగా మీరు లెక్కపెడుతున్నారు, నేను అలా చూడను. మళ్లీ మొదలైంది ఎప్పుడు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నది కాగితం మీద రాసుకుని వైద్యుని దగ్గరికి వెళ్లండి. కేవలం పట్టుదల మీద ఆధారపడటం కంటే, నికోటిన్ ప్యాచ్, గమ్ లేదా వారెనిక్లిన్ వంటి మందుతో పాటు కౌన్సెలింగ్ కూడా ఉంటే మానగలిగే అవకాశం బాగా పెరుగుతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం మొదటి వారంలో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. ఇల్లు కదలలేని సమయాల్లో, ఉదాహరణకు రాత్రివేళ, సిగరెట్టుకు బదులు గమ్ వాడవచ్చా అని కూడా అప్పుడే అడగండి. ఆ గమ్‌ను, వాడి పారేసిన ప్యాచ్‌లను పిల్లలకు అందని చోట ఉంచండి. కొద్దిపాటి నికోటిన్ కూడా నోట్లోకి వెళ్తే పసిపిల్లలకు విషమే.